ముగ్గురు అబ్రహాములు, ఒక పండుగప్ప

సూర్యకళ మొదటిసారి గుణశేఖర్‌తో మాట్లాడినప్పుడు ఆమె చేతిలో కత్తి ఉంది. చేపలు కోసే కత్తే గానీ, ఎదురుగా నిలబడ్డవాడికి ఆ తేడా వెంటనే తట్టదు.

"మా సేపల్లో తేడా ఉందని ఫోన్ సేసింది ఎవరండీ?"

"నానే. ఈ గెస్ట్ హౌస్ మేనేజర్ని," అన్నాడు గుణశేఖర్, ఒక అడుగు వెనక్కి వేసి.

సీతమ్మధారలో అప్పుడే తెల్లారుతోంది. గేటు ముందు స్కూటీ, స్కూటీ వెనక ఐసు పెట్టె, పెట్టె పక్కన చున్నీ నడుముకి బిగించి కట్టిన ఆమె. కోపం తప్ప మిగతావన్నీ చూడముచ్చటగా ఉన్నాయని గుణశేఖర్ గమనించాడు. కాసేపటికి కోపం కూడా ఫరవాలేదనిపించింది.

"ఏటి తేడా? భీమిలి నుంచి తెల్లారకుండా తెత్తన్నాను. మొప్పలు సూసుకోండి, ఎర్రగా లేవేటి?"

"నువ్వు మొన్న రొయ్యలు పంపావు. ఒకాయన ముట్టుకోలేదు. నిన్న పండుగప్ప పంపావు. ఇంకొకాయన ముట్టుకోలేదు. అంటే తేడా సరుకులోనే కదా ఉండాలి?"

"నువ్వు కాదు, మీరు. నాను బీకాం."

"మీరు పంపారు," అన్నాడు గుణశేఖర్. అతనూ బీకామే. ఆ సంగతి చెప్పుకునే సమయం అది కాదని ఊరుకున్నాడు.

"తిననోళ్ళు ఎవరండీ?"

"అబ్రహాములు."

"ఇద్దరూనా?"

"ముగ్గురు."

సూర్యకళ కత్తి దించింది. ఇలాంటి జవాబు చెప్పే మనిషితో కత్తి అవసరం లేదనుకుంది కాబోలు.

అతను చెప్పింది నిజమే. ఆ గెస్ట్ హౌస్ ఒక షిప్పింగ్ ఏజెన్సీది. రేవులో ఒక ఓడ ఇంజను పాడై ఆగిపోయింది. విడిభాగం ఎక్కడో విదేశం నుంచి రావాలి. అది వచ్చేదాకా ముగ్గురు పెద్దమనుషులు ఈ గెస్ట్ హౌస్‌లో దిగారు. ఓడ కెప్టెన్ గ్రీసు దేశపు క్రైస్తవుడు, పేరు అవ్రామ్. ఇంజినీరు అలెగ్జాండ్రియాకి చెందిన ముస్లిం, పేరు ఇబ్రహీం. నష్టం లెక్కగట్టడానికి బెల్జియం నుంచి వచ్చిన సర్వేయరు యూదుడు, పేరు అవ్రహామ్. వంటమనిషి వరహాలు ఈ మూడూ ఒకే పేరని తేల్చి, గుర్తుకోసం ఒకాయన్ని గడ్డం అబ్రహాం అన్నాడు. ముగ్గురికీ గడ్డాలున్నాయి. టోపీ అబ్రహాం అని ఇంకోసారి ప్రయత్నించాడు. సర్వేయరు ఎప్పుడూ చిన్న టోపీ పెట్టుకునే ఉంటాడు, ఇంజినీరు నమాజుకి పెట్టుకుంటాడు, కెప్టెన్‌కి ఉద్యోగమే టోపీ. చివరికి ఎవరి పనితో వాళ్ళని పిలవడం ఖాయమైంది.

వీళ్ళకి ఏం పెట్టాలని ఆఫీసుని అడిగితే, "ముగ్గురికీ దేవుడొక్కడే, గోలేం లేదు, చేప పెట్టెయ్" అన్నారు. గుణశేఖర్ చేప పెట్టేశాడు. గోల మొదలైంది.

ఆ సమయానికే సర్వేయరు గుమ్మంలోకి వచ్చాడు. ఐసు పెట్టె మూత తీయించి, లోపలున్న పండుగప్పని చూసి, గోటితో ఒక పొలుసు లేపి, సంతోషంగా తల ఊపాడు.

"ఏటండీ, తాజాదో కాదో పొలుసు పీకి సూత్తారేటి ఎవరైనా?" అంది సూర్యకళ.

గుణశేఖర్ ఇంగ్లీషులో అడిగాడు. సర్వేయరు ఓపిగ్గా చెప్పాడు. రెక్కలూ పొలుసులూ ఉన్న చేపే తమకు తగును. రొయ్య, పీత, సొర కూడవు. కాబట్టి పొలుసు తీయకముందే తన కంటితో చూసుకోవాలి. తన బాణలి, తన కత్తి తనతోనే తెచ్చుకున్నాడు.

వెనకాలే వచ్చిన కెప్టెన్ ఇంకోటి చెప్పాడు. ఈస్టరు ముందు వాళ్ళ గ్రీకు చర్చిలో పెద్ద ఉపవాసం. మాంసం, పాలు, గుడ్లు, నెత్తురున్న చేప, అన్నీ బంద్. నెత్తురు లేనివి కాబట్టి రొయ్యలూ పీతలూ తినొచ్చు.

సూర్యకళ వేళ్ళు మడిచి లెక్కేసింది. "అంటే ఈయన తినేది ఆయన తినడు. ఆయన తినేది ఈయన తినడు. మూడో ఆయన?"

"రెండూ తింటాడు. కాకపోతే రంజాన్ కదా, పొద్దు గూకాక."

"అయితే తేడా సేపల్లో లేదు."

"లేదు."

"మరి సారీ సెప్పండి."

"మేనేజర్లు సారీ సెప్పరండి. ఆర్డరు పెంచుతారు."

ఆమె నవ్వలేదు. నవ్వకుండా ఉండడానికి కొంచెం కష్టపడింది. ఆ కష్టం గుణశేఖర్‌కి కనిపించింది. ఆ రోజంతా అతనికి ఇంకేం కనిపించలేదు.

*

ఆ తరవాత ఆమె రోజూ రావలసి వచ్చింది. పొలుసుతో ఉన్న చేపని సర్వేయరుకి చూపించి, అతని కత్తితోనే గేటు పక్కన పొలుసు తీసి ఇవ్వాలి. కెప్టెన్ రొయ్యలు వేరే సంచిలో ఉండాలి. ఈ పనికి మేనేజరు పక్కన నిలబడక్కర్లేదు. మేనేజరు నిలబడ్డాడు.

"మీకు పని లేదేటండి?"

"ఇదే పని. సూపర్‌విజన్."

"అయితే ఆ పొలుసులు ఎత్తండి."

ఎత్తాడు. ఇస్త్రీ చొక్కాతో ఎత్తాడు.

ఓడ పని మాత్రం నత్తనడక నడిచింది. శుక్రవారం మధ్యాహ్నం ఇంజినీరు మసీదుకి వెళ్తాడు. అదే శుక్రవారం పొద్దుగూకగానే సర్వేయరుకి విశ్రాంతి దినం మొదలు, శనివారం చుక్కలు పొడిచేదాకా కలం ముట్టుకోడు, స్విచ్చు కూడా నొక్కడు. ఆదివారం కెప్టెన్ చర్చికి వెళ్తాడు. ముగ్గురూ కలిసి సంతకం పెట్టాల్సిన కాగితం గురువారం దాటితే సోమవారమే. ఈ లెక్కన ఓడ ఇప్పట్లో కదలదని ఆఫీసులో అందరూ తలలు పట్టుకున్నారు. గుణశేఖర్ ఒక్కడే మనసులో మూడు మతాలకీ దణ్ణం పెట్టుకున్నాడు.

ఒక శనివారం చేపలు తెచ్చిన సూర్యకళకి సర్వేయరు చీకటి గదిలో కూర్చుని కనిపించాడు.

"లైటు ఎయ్యలేదేటండి పాపం?"

"ఆయన వెయ్యకూడదు. వెయ్యమని మనల్ని అడక్కూడదు కూడా. ఇందాక నాతో 'ఈ గది కొంచెం చీకటిగా ఉంది సుమా' అన్నాడు. అంతే."

"మరి మీరేటి సేసారు?"

"ఔనండీ, చీకటిగానే ఉంది అన్నాను."

సూర్యకళ లోపలికి వెళ్ళి స్విచ్చు వేసి వచ్చింది. "మడిసి నోరు ఇప్పి అడగలేనప్పుడు ఎదటోడే తెలుసుకోవాల," అంది. ఆ మాట అంటూ సర్వేయరు వైపు చూడలేదు, గుణశేఖర్ వైపు చూసింది. తరవాత రొయ్యల సంచి తీసుకుని వరహాలు దగ్గరికి వెళ్ళిపోయింది.

గుణశేఖర్‌కి ఆ లైటు సాయంత్రానికి గాని వెలగలేదు. వెలిగాక మాత్రం నిద్ర పట్టలేదు.

*

మద్దిలపాలెంలో అద్దె ఇంట్లో గుణశేఖర్ తల్లి చిలకమ్మ కొడుక్కి సంబంధాలు చూస్తోంది. వాళ్ళది చోడవరం పక్క పల్లెటూరు. రైతు కుటుంబం. తండ్రి పోయాక పొలం కౌలుకిచ్చి తల్లీ కొడుకులు పట్నం వచ్చేశారు. రావడానికి ఇంకో కారణం కూడా ఉంది. పొలం గట్టు దగ్గర పెదనాన్న వాళ్ళతో తగాదా. ఒకే ఇంటిపేరు, ఒకే కులదేవత, పక్క పక్క ఇళ్ళు. గట్టు మూరెడు జరిగిందని తండ్రి మీద పెదనాన్న కర్ర ఎత్తాడు. ఆ తరవాత తండ్రి చావుకి కూడా ఆ ఇంటి నుంచి ఎవరూ రాలేదు.

"వచ్చే ఆదోరం సోడవరం ఎల్తన్నాం. పెళ్ళిసూపులు. కారు కూడా సెప్పేసాను," అంది చిలకమ్మ, పప్పు వడ్డిస్తూ.

"ఇప్పుడు తొందరేటమ్మా?"

"తొందర కాదురా, ఆలీసం. మనోళ్ళ పిల్ల. మనోళ్ళైతే కట్టం సుకం తెలుసుద్ది."

గుణశేఖర్ ముద్ద కలుపుతూ, "అమ్మా, చేపలమ్మే ఇంటి పిల్లలు కూడా బాగా సదువుకుంటన్నారు ఈ మద్దిన," అన్నాడు, గాలికి అన్నట్టు.

చిలకమ్మ గరిటె ఆపింది. "సదువుకోనీ. మంచిదే కదా."

"సందువ చేపకైతే పొలుసు సన్నగా ఉంటాది. పండుగప్పకైతే పెద్దది."

"ముల్లు తియ్యడం రాదని ఇరవయ్యేళ్ళు సేప మాని పప్పు తిన్నావు. నీకు పొలుసులెప్పుడు తెలిసాయిరా?"

"ఆఫీసు పని."

"సేప తినడం ఏరు. సేప బుట్టని ఇంట్లోకి తెచ్చుకోడం ఏరు," అంది చిలకమ్మ. మళ్ళీ పప్పు వడ్డించింది. ఆ రాత్రికి అంతటితో సరి.

మూడు మతాల వాళ్ళకి మూడు పూటలా ఎవరి నియమం చెడకుండా అన్నం పెడుతున్నవాడు, కన్నతల్లికి ఒక్క మాట చెప్పలేకపోయాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. గుణశేఖర్ రచ్చ గెలిచేశాడు. ఇల్లే మిగిలింది.

*

మర్నాడు గేటు దగ్గర అతని చేతుల నిండా పొలుసులు. ఫోను మోగింది. వేలి కొసతో నొక్కితే స్పీకరు ఆన్ అయింది.

"ఒరే గుణా, ఆదోరం పెళ్ళిసూపులకి నీలం సొక్కా ఏసుకో. పిల్లకి నీలం ఇట్టమట," అంది చిలకమ్మ గొంతు, సీతమ్మధార మొత్తానికి.

సూర్యకళ చేప కోయడం పూర్తి చేసింది. కత్తి కడిగింది. ఐసు పెట్టె మూత వేసింది.

"నీలం మీకు బాగుంటాది," అని చెప్పి స్కూటీ తీసింది.

మరుసటి రోజు చేపలు వచ్చాయి. ఆమె రాలేదు. ఆమె అన్న కన్నబాబు వచ్చాడు. చేప ఇచ్చాడు, డబ్బు తీసుకున్నాడు, పొలుసుల గురించి ఏమీ మాట్లాడలేదు. సర్వేయరు చేపని తిప్పి తిప్పి చూసి, "చేప బాగానే ఉంది. మిగతాదే బాగాలేదు," అన్నాడు. ఆయన గుణశేఖర్ ముఖం చూసే అన్నాడు.

మధ్యాహ్నం గుణశేఖర్ భీమిలి బస్సెక్కాడు. కాలం కాని కాలంలో మబ్బు పట్టింది. బస్సు దిగగానే వాన. వానకి ఇతనితో పాత పగ ఏదో ఉన్నట్టు, పక్కనున్న వాళ్ళని వదిలేసి ఇతన్నే తడిపింది.

ఒడ్డున తాటాకుల పాక కింద ఒక పెద్దాయన వల బాగుచేస్తున్నాడు. ఆయనే సూర్యకళ తండ్రి దుర్గారావు.

"దుర్గారావు గారేనాండి?"

"అవును బాబూ. ఎవరు నువ్వు?"

"గెస్ట్ హౌస్ మేనేజర్నండి. చేపల పని మీద వచ్చాను."

"ఇంత వానలో సేపల కోసం మాము ఎల్తాం సముద్రం మీదకి. నువ్వెందుకు బాబూ?" అని ఆయన లోపలికి కేకేశాడు. "సూర్యా! నీకోసం ఒక తడిసిన మేనేజరు వచ్చాడు."

ఆమె వచ్చింది. తువ్వాలు ఇచ్చింది. ఇచ్చి, దూరంగా నిలబడింది. దుర్గారావుకి హఠాత్తుగా పాక అవతలి చివర ఏదో పని గుర్తొచ్చింది.

"నాకు నీలం సొక్కా లేదండి," అన్నాడు గుణశేఖర్.

"కొనుక్కోండి."

"నాకు ఆ సంబంధం వద్దు. నాకు... రోజూ పొద్దున్నే మీరు రావాల. అలవాటైపోనాది. కాదు, అలవాటు కాదు. మీరంటే ఇష్టం." అతనికి తుమ్ము వచ్చింది. జీవితంలో చెప్పిన ఒకే ఒక్క ప్రేమమాట తుమ్ముతో ముగిసింది.

సూర్యకళ వాన వైపు చూస్తూ నిలబడింది. ఆమె గొంతు ఈసారి మెత్తగా ఉంది. "నాకూ ఇట్టమే. లేకపోతే సీతమ్మధార దాకా వచ్చి ఒకాయన కోసం పొలుసులు తీత్తానేటండి? కానీ నాను దొంగతనంగా రాను. మీ అమ్మగారికి సెప్పండి. ఆవిడ కాదంటే కాదనే సెప్పండి. సెప్పకుండా మాత్రం నా దగ్గరికి రాకండి."

"ఆదోరం లోపల చెప్తాను."

"అందాకా సేపలు నానే తెత్తాను. సర్వేయరు గారికి పొలుసులు సూపించడం మా అన్నకి రాదు," అంది. వెళ్ళబోతూ తిరిగి, "తువ్వాలు ఉంచుకోండి," అంది.

*

చెప్తానన్నాడు గానీ, సోమవారం చెప్పలేదు. మంగళవారం చెప్పలేదు. బుధవారం పొద్దున్న వరహాలు జ్వరంతో పడుకున్నాడు.

బుధవారం అంటే మామూలు బుధవారం కాదు. రంజాన్ అయిపోయింది, ఇంజినీరు పగలు తింటున్నాడు. కెప్టెన్ ఉపవాసం ఇంకా ఉన్నా, మరియమ్మకి దేవదూత వచ్చి కబురు చెప్పిన రోజు కాబట్టి ఆ ఒక్కరోజుకి వాళ్ళ చర్చి చేప తినమంది. సర్వేయరుకి చేప ఎప్పుడూ ఫరవాలేదు, పొలుసుంటే చాలు. అంటే ముగ్గురు అబ్రహాములూ ఒకే బల్ల మీద ఒకే కూర తినగలిగిన రోజు అదొక్కటే. ఏజెన్సీ వాళ్ళు కూడా ఫోన్ చేసి, "మంచి భోజనం పెట్టు, రేపు సంతకాలు అయిపోవాలి" అన్నారు. వంటమనిషేమో ముసుగుతన్ని పడుకున్నాడు.

గుణశేఖర్‌కి తెలిసిన వంటమనిషి ప్రపంచంలో ఇంకొకరే.

"నాను శ్రీరామ నవరాత్రుల్లో ఉన్నానురా. ఎల్లుండి దాకా నీసు ముట్టను," అంది చిలకమ్మ, ఆటో దిగుతూనే. "పప్పు, పులుసు, అప్పడాలు, అంతే. సేప ఎవరు వండుతారు?"

"చేపలు తెచ్చే అమ్మాయి వండుతానంది," అన్నాడు గుణశేఖర్. నేల మీద టైల్సుని చాలా శ్రద్ధగా చూస్తూ అన్నాడు.

చిలకమ్మ వంటింట్లోకి వెళ్ళేసరికి అక్కడ నీసు వాసన లేదు. స్టవ్వు కడిగి ఉంది. గిన్నెలు విడిగా బోర్లించి ఉన్నాయి. చేప పొయ్యి పెరట్లో ఉంది. పొయ్యి దగ్గర సూర్యకళ ఉంది.

"అమ్మగారూ, లోపల పొయ్యి మీది. మీ గిన్నెలు, మీ కత్తిపీట ఏరే పెట్టేసాను. నాను గుమ్మం దాటి రాను. ఉప్పు కావాలంటే కేకేత్తాను."

"నవరాత్రులని నీకెవరు సెప్పారు పిల్లా?"

"ఎవరూ సెప్పలేదండి. మా అమ్మమ్మ కూడా ఉంటాది కదా. సర్వేయరు గారికి రోజూ ఇలాగే సేత్తాం. ఆయన బాణలి ఏరు, కత్తి ఏరు. ఈ రోజు సేప ఆయన బాణలిలోనే ముగ్గురికీ."

"ఆయన కూడా నవరాత్రులుంటాడేటి?"

"ఆయనకి సమచ్చరమంతా నవరాత్రులేనండి."

చిలకమ్మ నవ్వింది. గుమ్మానికి అటు చేపల పులుసు ఉడికింది, ఇటు పప్పు ఉడికింది. మధ్యలో ఇద్దరూ ఉల్లిపాయ ధర గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి, మగాళ్ళకి చెప్పింది అర్థం కావడానికి పట్టే కాలం గురించి మాట్లాడుకున్నారు. గుణశేఖర్ హాల్లో బల్ల తుడిచాడు. మళ్ళీ తుడిచాడు.

*

అబ్రహాములు భోజనానికి కూర్చున్నారు. పండుగప్ప వచ్చింది, పప్పు వచ్చింది. ముగ్గురూ ఎవరి ప్రార్థన వాళ్ళు చేసుకున్నారు. చిలకమ్మ గోడ పక్కన కుర్చీలో కూర్చుంది.

"ముగ్గురికీ ఒకే పేరెందుకో అడగరా," అంది.

గుణశేఖర్ అడిగాడు. అడగకుండా ఉండాల్సింది. ముగ్గురూ ఒకేసారి చెప్పారు. అబ్రహాం అందరికీ మూలపురుషుడు. ఆయనకి ఇద్దరు భార్యల వల్ల ఇద్దరు కొడుకులు. దేవుడు ఒక కొడుకుని బలి ఇమ్మని పరీక్ష పెట్టి, చివరి క్షణంలో ఆపాడు. అంతవరకు ముగ్గురిదీ ఒకే కథ. ఏ కొడుకుని అన్నదగ్గర బల్ల మీద గ్లాసులు కదిలాయి. చిన్నవాడు ఇస్సాకు అని సర్వేయరూ కెప్టెనూ. కాదు, పెద్దవాడు ఇస్మాయిల్ అని ఇంజినీరు. స్నేహితులే, నవ్వుతూనే అన్నారు గానీ, గొంతులు మాత్రం పెరిగాయి.

"ఏటంటన్నార్రా?"

గుణశేఖర్ చెప్పాడు.

చిలకమ్మ ముఖంలో నవ్వు పోయింది. "అయితే ఈళ్ళు దాయాదులన్నమాట. ఒకే తాత పిల్లలు. గట్టు కాడ కొట్టుకుంటన్నారు."

ఇంతలో కెప్టెన్ చల్లబడి గ్లాసు ఎత్తాడు. "ఈ రోజు మరియమ్మ రోజు. ఆ తల్లి పేరు మీద గొడవ వద్దు."

"మరియమ్ కథ మా గ్రంథంలోనూ ఉంది," అన్నాడు ఇంజినీరు. "దేవదూత వచ్చి చెప్పడం కూడా ఉంది. మేం ఆమె కొడుకుని ప్రవక్త అంటాం. గొప్ప ప్రవక్త."

"మేం దేవుని కుమారుడంటాం," అన్నాడు కెప్టెన్.

సర్వేయరు ముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టాడు. "ఆ కొడుకు సంగతిలో మీ ఇద్దరితోనూ మాకు పేచీ ఉంది. కానీ ఆ అమ్మాయి మాత్రం మా ఇంటి పిల్ల."

ముగ్గురూ నవ్వేశారు. మళ్ళీ కూర వడ్డించుకున్నారు. గుణశేఖర్ ఇదంతా తల్లికి చెప్పాడు. ఆమె వింది.

సూర్యకళ అప్పుడే అన్నం గిన్నె తెచ్చింది. కెప్టెన్ ఆమెకి చేతులు జోడించి, చిలకమ్మ వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో అడిగాడు.

"ఏటంటన్నాడు?"

"చేప బాగుందంటన్నారు," అన్నాడు గుణశేఖర్.

"అంతేనా? డాటర్ అంటే నాకు తెలీదేట్రా? ఈ పిల్ల మీ డాటరా అనడిగాడు. జవాబు సెప్పు."

"ఏటని సెప్పమంటావు?"

"కూతురు కాదు, కోడలని సెప్పు."

గుణశేఖర్ ఇంకా భోజనం మొదలుపెట్టలేదు. అయినా గొంతులో ముల్లు అడ్డం పడ్డట్టయింది. "అమ్మా, నీకు..."

"ముల్లంటే పారిపోయేవోడు పొలుసుల గురించి సెప్పిన రోజే తెలిసింది. ఇంటికి ఆడపిల్ల తువ్వాలు తెచ్చి, ఉతక్కుండా దాసుకున్న రోజు కాయమైంది. నువ్వు సెప్తావని సూత్తన్నాను. నువ్వు సెప్పవు. మీ నాన్న పోలిక."

"మరి నువ్వే కదమ్మా, తినడం ఏరు, ఇంట్లోకి..."

"అన్నాను. మనోళ్ళు మనోళ్ళని కూడా అన్నాను." చిలకమ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది. "మీ నాన్న మీదకి కర్ర ఎత్తినోడు ఎవడ్రా? మనోడే. ఒకే ఇంటిపేరు, ఒకే అమ్మోరు. సావుకి కూడా రాలేదు. ఈళ్ళని సూత్తే అదే అనిపించింది. ఒకలాగున్నోళ్ళకే గట్టు కావాల. అందుకే కదా పెద్దోళ్ళు ఒకే ఇంటిపేరులో పిల్లని ఇవ్వొద్దన్నారు. వియ్యం అంటేనే ఏరే ఇంటోళ్ళతో. ఈ పిల్ల నా పొయ్యి నాకు వదిలేసి, ఎండలో కూకుని వండింది. ఇంకేటి కావాల్రా నాకు?"

గుణశేఖర్‌కి కళ్ళు మసకబారాయి. అతను దాన్ని ఉల్లిపాయల మీదకి నెట్టాడు. ఉల్లిపాయలు వంటింట్లో ఉన్నాయి.

"నన్నెవరూ అడగలేదు," అంది సూర్యకళ, గిన్నె పట్టుకునే.

అతను లేచి నిలబడ్డాడు. "సూర్యకళ గారూ, మా అమ్మకి సెప్పమన్నారు కదా..."

"సెప్పమన్నాను. మీరు సెప్పలేదు. ఆవిడే మీకు సెప్పారు."

"అయితే లెక్కలోకి రాదేటి?"

ఆమె చాలా రోజుల నుంచి దాచుకున్న నవ్వు మొత్తం ఒకేసారి వచ్చేసింది. "వత్తాది లెండి. మా నాన్నకి మాత్రం మీరే సెప్పాల. ఈసారి తుమ్మకుండా."

ముగ్గురు అబ్రహాములకీ భాష రాకపోయినా విషయం అర్థమైంది. అయినా జవాబు రావలసి ఉంది కాబట్టి కెప్టెన్ మళ్ళీ అడిగాడు. గుణశేఖర్ గొంతు సవరించుకుని ఇంగ్లీషులో చెప్పాడు. "కూతురు కాదట సార్. కోడలట."

చిలకమ్మ చేతులెత్తి, "సల్లగా ఉండండర్రా ఇద్దరూ," అంది.

సర్వేయరు ఆమెన్ అన్నాడు. కెప్టెన్ అమీన్ అన్నాడు. ఇంజినీరు ఆమీన్ అన్నాడు.

"ఏటన్నారు?"

"తథాస్తు అన్నారమ్మా."

"ముగ్గురూనా?"

"ముగ్గురూనూ. ఒకే మాట."

చిలకమ్మ వాళ్ళని ఒకసారి కలియజూసి, తృప్తిగా తలూపింది. "అయితే ఆ కారు డ్రైవరుకి ఫోన్ సెయ్యి. ఆదోరం సోడవరం కాదు, భీమిలి అని సెప్పు."